అరువు గొంతు

మా వీధి చివర రేకుల షెడ్డులో ఒక చిన్న ప్రార్థన మందిరం ఉంది. ఆదివారం పొద్దున తొమ్మిదయ్యేసరికి అక్కడ మైకు మొదలవుతుంది. మా లూథరన్ గుడి పదింటికి కనక, చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ అక్కడి ప్రసంగం సగమైనా వింటాను. వినాలని కాదు, కిటికీ మూసినా వినపడుతుంది. కొన్నాళ్ళుగా అక్కడ ఒక కొత్త కుర్రాడు వాక్యం చెబుతున్నాడు. పాతికేళ్ళు దాటి ఉండవు. వచనాలు నోటికొచ్చు, తడుముకోడు, వినేవాళ్ళు గట్టిగానే ఆమెన్ అంటున్నారు. అయినా వింటున్నంతసేపూ నాకేదో తేడాగా ఉండేది. ఒకరోజు ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి చెవి ఒగ్గితే సంగతి తెలిసింది. ఆ గొంతు అతనిది కాదు. టీవీలో రోజూ వచ్చే ఒక పేరున్న ప్రసంగీకుడిది. మాట చివర ఆ సాగదీత, మధ్యలో ఒక్కసారిగా బొంగురుపోయే ఆ అరుపు, ప్రశ్న అడిగి జనం జవాబు చెప్పేదాకా ఆగే ఆ ఆగడం, అన్నీ దించేశాడు. ఆఖరికి ఆ పెద్దాయనకు వయసు మీదపడి వచ్చే దగ్గుని కూడా వదల్లేదు. ఈ పిల్లవాడి ఊపిరితిత్తులు నిక్షేపంగా ఉన్నాయి, పాపం.

మొదట నవ్వొచ్చింది. తర్వాత ఆ నవ్వు నాకే నచ్చలేదు. అనుకరించకుండా ఎవడు నేర్చుకున్నాడు గనక? ఘంటసాలలా పాడదామనుకోని గాయకుడు మన వైపు పుట్టాడా? నేను బడిలో పాఠం చెప్పిన మొదటి సంవత్సరాల్లో నా తెలుగు మాస్టారి చేతి విసురు నా చేతికి వచ్చేసిందని మా ఆవిడ ఇప్పటికీ ఎగతాళి చేస్తుంది. మరి ఈ కుర్రాడి దగ్గర ఏది కొరుకుడుపడలేదు నాకు? ఆలోచిస్తే తట్టింది ఇంతే. నా మాస్టారు నన్ను చూశారు. నేను ఆయనలా చెయ్యి విసురుతుంటే చూసి, చాలించమన్నారు. టీవీలోనో ఫోనులోనో ఉన్న గురువు శిష్యుణ్ణి చూడలేడు. ఈ అబ్బాయి దగ్గు విని, ఒరేయ్ ఆ దగ్గు నాది, నీకెందుకురా అని చెప్పేవాళ్ళు లేరు.

కిరాణా కొట్టు దగ్గర ఒక సాయంత్రం కలిశాడు. వారమంతా సెంట్రింగు పనికి పోతాడట. వేళ్ళ సందుల్లో సిమెంటు ఎండి తెల్లగా ఉంది. కరోనా రెండో విడతలో వాళ్ళ పాస్టరు గారు పోయారు. ఆయనకు వారసుడు లేడు, ఏ మిషనుకూ చెందిన సంఘం కాదు, పై నుంచి ఇంకొకర్ని పంపే బిషపు గారూ లేరు. యవనస్థుల కూటాల్లో సాక్ష్యం బాగా చెబుతాడని సంఘ పెద్దలు ఇతని చేతికి బైబిలూ మైకూ ఇచ్చారు. "నాకెవరు నేర్పుతారు మాస్టారూ, యూట్యూబే మా బైబిలు కాలేజీ" అన్నాడు నవ్వుతూ. కాసేపటికి నవ్వు ఆపి ఒక మాట చెప్పాడు. ఆ మధ్య వాళ్ళ సంఘంలో ఇంటరు తప్పిన పిల్ల ఒకతె ఉరేసుకుంది. సమాధి కార్యక్రమానికి ఇతన్నే పిలిచారు. ముందురోజు రాత్రంతా ఫోనులో వెతికాడట, ఇలాంటి చావు దగ్గర ఏం చెప్పాలో. నరకం గురించి గంటల కొద్దీ ఉంది గానీ, ఆ పిల్ల తండ్రి ముఖంలోకి చూసి చెప్పగలిగింది ఒక్కటీ దొరకలేదు. "ఒక కీర్తన చదివి, ఆయన పక్కన మట్టిలో కూచున్నాను మాస్టారూ. ప్రసంగం చెయ్యలేదు. తప్పా?" అని అడిగాడు. తప్పు కాదు నాయనా అన్నాను. ఆ రోజు ఆ మట్టిలో కూచున్నది మాత్రం టీవీ పెద్దాయన కాదు, ఈ పిల్లవాడే. మరి అలా కూచోవడం అతనికి ఎవరు నేర్పారు? ఇది అడిగితే నా వాదన కాస్త కుంటుపడుతుంది. నేర్పకుండా వచ్చేవి కొన్నుంటాయి, ఒప్పుకోవాలి. కానీ తప్పా అని అడగడానికి అతనికి కిరాణా కొట్టు ముందు ఒక రిటైరైన పంతులు తప్ప ఇంకెవరూ దొరక్కపోవడం ఉంది చూశారూ, అది నన్ను వదలడం లేదు.

మా తాతయ్య పల్నాడులో ఉపదేశి. పాస్టరు కాదు; సంస్కారం ఇచ్చే అధికారం లేదు, బాప్తిస్మం ఇచ్చే అధికారం లేదు. పగలు బడి చెప్పడం, సాయంత్రం ప్రార్థన, ఆదివారం ఆరాధన, చావుకీ పెళ్ళికీ పెద్దదిక్కుగా నిలబడడం. 1842లో హైయర్ పాదిరి గుంటూరు వచ్చిన నాటి నుంచి లూథరన్ సంఘం పల్లెల్లో నిలబడింది ఇలాంటి అర చదువు ఉపదేశుల మీదే. పారిష్ పాస్టరు గారు నెలా రెండు నెలలకోసారి వచ్చేవారు. వచ్చిన రాత్రి తాతయ్య ప్రసంగాల నోటు పుస్తకం లాంతరు దగ్గర పెట్టుకుని చదివేవారు. ఆ పుస్తకాల్లో ఒకటి నా దగ్గరుంది. అట్ట ఊడిపోయింది, అంచులు చెదలు తిన్నాయి. తాతయ్య నల్ల సిరాతో రాసుకున్న వాక్యాల పక్కన పాస్టరు గారి ఎర్ర సిరా. కొన్నిచోట్ల అక్షరదోషం దిద్దారు. కొన్నిచోట్ల అధ్యాయం సంఖ్య సరిచేశారు. ఒక పేజీలో మాత్రం, బీదరికం దేవుడిచ్చిన దీవెన అని తాతయ్య బహు ఘనంగా రాసిన పేరా పక్కన, చిన్నగా ఒక ప్రశ్న ఉంది: ఇది నీవు నమ్ముచున్నావా? తర్వాతి పేజీలో తాతయ్య ఆ ప్రసంగం మొత్తం కొట్టేసి మళ్ళీ రాశాడు. రెండోసారి రాసింది చిన్నది. బీదరికం గురించి అందులో ఉన్నదల్లా కిందటేడు వాన పడలేదన్న మాటే.

పాత కాలాన్ని మరీ ఎత్తుకుంటున్నానేమో? అప్పట్లోనూ శిక్షణ పేరిట కంఠస్థాలే ఎక్కువ. దొరలకు నచ్చేలా మాట్లాడే వాళ్ళకు పెద్ద ఊళ్ళు దక్కేవనీ, ఎదురు చెప్పేవాళ్ళకు నీళ్ళు లేని ఊళ్ళు దక్కేవనీ తాతయ్యే అనేవాడట. అయినా ఒంగోలు వైపు జరిగిన కథ చదివినప్పుడు నాకు ఆ కాలం మీద గౌరవం తగ్గదు. 1876 నుంచి 78 దాకా గొప్ప కరువు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలీ చూపించాడు. ఆ తవ్వకం మీద మేస్త్రీలు ఎవరనుకున్నారు? ఆయన దగ్గర తయారవుతున్న తెలుగు బోధకులే. పగలు మట్టి లెక్క చూసేవాళ్ళు, గంపలు దించి కూలీలు చెట్టుకింద కూలబడ్డప్పుడు వాళ్ళతో కూచునేవాళ్ళు. కరువు నడుస్తున్నన్నాళ్ళూ, కూటి కోసం వచ్చారన్న మాట పడకూడదని బాప్తిస్మాలు ఆపేశారు. ఆ తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2222 మంది. ఆ సంఖ్య అందరికీ తెలుసు. ఆ రోజు నీళ్ళలో దిగి బాప్తిస్మమిచ్చింది క్లౌ కాదనీ, వంతులు వేసుకుని ఇద్దరిద్దరుగా దిగిన తెలుగు బోధకులనీ చెప్పుకునేవాళ్ళు తక్కువ. అంతకు ముందు 1866లో బాప్తిస్మం పొందిన యర్రగుంట్ల పేరయ్య సంగతీ అంతే. తోళ్ళ వ్యాపారం మీద ఊళ్ళు తిరిగిన మాదిగ పెద్ద. క్రైస్తవం వినకముందే యోగమార్గంలో గురువు దగ్గర ఉపదేశం పొందినవాడు. ఆ వైపు పల్లెల్లో సువార్త పాకింది ఆయన కాళ్ళ మీద. గురువు వెంట నడిచి నేర్చుకోవడం ఆయనకు అమెరికా నుంచి రానక్కర్లేదు. కాకపోతే 1878కి ముందే జనం ఇలా వచ్చి చేరుతుంటే, వాళ్ళకు నేర్పేవాళ్ళను తయారుచేయడం తలకు మించిన పనైంది. రామాపట్నం సెమినరీ 1870ల్లో పుట్టింది ఆ అవసరంలోంచే.

ఆ దారి ఇప్పుడు ఎక్కడికి వచ్చిందో చూస్తే నాకు రెండు మనసులు. 1964లో రాజమండ్రిలో బాప్టిస్టులూ లూథరన్లూ సీఎస్ఐ వాళ్ళూ మెథడిస్టులూ కలిసి ఆంధ్ర క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీ పెట్టుకున్నారు. 1973లో అది హైదరాబాదు చేరింది. శ్రీరాంపూర్ సెనేట్ పట్టా, గ్రీకు, హీబ్రూ, దళిత వేదాంతం, మంచి గ్రంథాలయం. అక్కడ చదివి వచ్చినవాళ్ళ ప్రసంగాలు విన్నాను. చాలామంది బుర్ర పెట్టి మాట్లాడతారు, అరువు దగ్గులు ఉండవు. కానీ సెంట్రింగు పనికి పోయే మా కుర్రాడు ఆ గుమ్మం ఎలా ఎక్కుతాడు? పట్టా చదువుకు పోతే ఏళ్ళు పడుతుంది. షెడ్డులో ఉన్న యాభై కుటుంబాలను ఎవరికి అప్పజెప్పి పోతాడు? ఇంకోవైపు ఊరూరా బైబిలు ట్రైనింగులు వెలిశాయి. మూడు నెలల్లో సర్టిఫికెట్టు, నల్ల గౌను, ఫోటో, పేరు ముందు రెవరెండు. డబ్బు ఇంకాస్త కడితే డాక్టరు కూడా. ఏళ్ళ చదువుకూ మూడు నెలల చదువుకూ మధ్య, రాత్రి లాంతరు పెట్టుకుని నోటు పుస్తకం దిద్దే మనిషి ఉండాల్సిన చోటు ఖాళీగా పడి ఉంది.

అయితే అసలు శిక్షణ అవసరమా అని నన్ను నిలదీసేవాళ్ళు మా ఇంట్లోనే ఉన్నారు. మా బావగారు హెబ్రోను సహవాసం. భక్త సింగ్ గారు ఏ సెమినరీలో చదివారండీ అంటారు. నిజమే. పంజాబు నుంచి ఇంజనీరింగు చదవడానికి లండను వెళ్ళి, కెనడాలో బైబిలు చదివి విశ్వాసి అయిన సిక్కు. తిరిగొచ్చి దేశమంతా తిరిగారు, 1950లో హైదరాబాదులో హెబ్రోను స్థాపించారు. పట్టాలూ లేవు, జీతాలూ లేవు. తెలుగునాట ఎన్ని సహవాసాలు ఆయన పేరు చెప్పుకుంటాయో! బావగారి మాట కొట్టిపారేయలేను. కానీ, బావగారూ, హెబ్రోనులో కుర్రాళ్ళు ఏం చేశారు? ఆయనతోనే ఉన్నారు. ఒకే బంతిలో తిన్నారు, ఒకే తెల్లవారుజామున మోకరించారు, ఆయన కోపం చూశారు, ఆయన అలసట చూశారు. అది సెమినరీ కాదని ఎవరన్నారు? పౌలు తిమోతిని వెంటేసుకు తిరిగిందీ అలాగే గదా. పిలుపు దేవుడిదే, సందేహం లేదు. ఆ తర్వాతి పని కూడా ఆయన మీదకే నెట్టేసి మనం చేతులు దులుపుకుంటేనే నాకు ఇబ్బంది.

ఇక డబ్బు. ఇది ఎత్తగానే అందరూ గొంతు తగ్గిస్తారు. కాకినాడలో థామస్ గాబ్రియేలు అని ఒకాయన ఉండేవాడు. సర్కారు తంతి శాఖలో ఉద్యోగం వదిలి సువార్త పనిలో దిగాడు. పనివాళ్ళను కూడగట్టాడు, వాళ్ళను పోషించలేక అప్పుల్లో కూరుకుపోయాడు. ఆఖరికి కెనడా బాప్టిస్టులకు కబురు పెట్టాడు. 1874లో మెక్లారిన్ దంపతులు వచ్చి ఆ పని చేతిలోకి తీసుకున్నారు. 1875 మొదట్లోనే గాబ్రియేలు పోయాడు. ఆ తీరాన ఆ మిషను ఆసుపత్రులు, బళ్ళు, గుళ్ళు ఎన్నో కట్టింది. వాటన్నిటికీ మొదలు ఒక తెలుగువాడు తీర్చలేకపోయిన అప్పు. తోటి తెలుగువాళ్ళు ఆయన వెనక నిలబడి ఉంటే కథ ఇంకోలా నడిచేదా? చెప్పలేం. అప్పటి విశ్వాసుల్లో ఎక్కువమంది రెక్కాడితే గాని డొక్కాడని వాళ్ళు.

కానీ చేతిలో ఏమీ లేనివాళ్ళు కూడా సేవకుణ్ణి పోషించిన పద్ధతి నేను కళ్ళారా చూశాను. మా నానమ్మ పొయ్యి పక్కన చిన్న మట్టి ముంత ఉండేది. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక గుప్పెడు తీసి అందులో వేసేది. పస్తు తప్పని వారాల్లో గుప్పెడు చిన్నదయ్యేది గానీ ముంత ఎండేది కాదు. ఆదివారం ఆ ముంతలన్నీ గుడిలో ఒకే గోనెసంచిలోకి. మిజోరంలో ప్రెస్బిటేరియన్ ఆడవాళ్ళు 1910 నుంచి ఇదే పని చేస్తూ వేల మంది పనివాళ్ళను నిలబెట్టారని తర్వాత చదివాను. చిన్నప్పుడు నాకు కనపడని సంగతి ఒకటి ఇప్పుడు కనపడుతోంది. సంచిలో పడ్డాక ఏ గింజ ఎవరిదో తెలియదు. మోతుబరి ఇంటి సన్న బియ్యం, కూలీ ఇంటి నూకలు కలిసిపోతాయి. ఆ అన్నం తిన్న మా తాతయ్య మోతుబరి తాగి పెళ్ళాన్ని కొడితే వాళ్ళ గుమ్మంలోకి వెళ్ళి అడగగలిగాడు. ఇప్పుడు మా కుర్రాడి సంగతి చూడండి. షెడ్డు అద్దె కడుతున్నది ఒక చిట్‌ఫండు యజమాని. కీబోర్డు కొనిచ్చింది ఆయనే. మొన్న అతను ఏ వచనం తీసుకుని ప్రసంగం చేశాడో విన్నాను; వడ్డీ గురించిన భాగం పక్కనే ఉంది, దాన్ని అలవోకగా దాటేశాడు. తప్పు పట్టను. అద్దె ఎవడు కడతాడు?

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పాస్టర్లకు నెలకు 5000 రూపాయల గౌరవ వేతనం ప్రకటించినప్పుడు మా వాళ్ళు స్తోత్రం అన్నారు. అర్చకులకూ ఇమాములకూ ఇస్తున్నప్పుడు వీళ్ళకెందుకు ఇవ్వకూడదు అన్నది సబబే. ఆ ఐదు వేలతో మందులు కొనుక్కున్న ముసలి పాస్టర్లు నాకు తెలుసు. అయినా సంఘం మోయాల్సిన మనిషిని సర్కారు మోస్తుంటే, ఎన్నికల ముందు ఆదివారం ఆయన ప్రార్థనలో ఎవరి పేరు వస్తుందో అన్న భయం నాకు పోలేదు. పైగా ఒక చేత్తో ఇచ్చే సర్కారే ఇంకో చేత్తో ఏం పట్టుకుందో మరిచిపోతాం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడు షెడ్యూల్డు కులం కాడు. మన దగ్గర బీసీ-సి. అందుకే బోలెడు కుటుంబాలు గుడిలో ఒక పేరు, కాగితం మీద ఒక పేరుగా బతుకుతాయి. సేవకుడికి ఆ చాటు ఉండదు. నలుగురి ముందూ గౌను వేసుకున్న రోజే అతని పిల్లల కాగితం మారిపోవాలి. వాళ్ళమ్మా నాన్నల వెలివాడ మాత్రం మారదు. సేవకు రండి అని పిల్లల్ని పిలిచే మహాసభల్లో ఈ ముక్క ఎవరూ చెప్పరు.

ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ మహాసభలో 1910లో అజరయ్య గారు తెల్ల మిషనరీల ముఖాన అడిగిన సంగతి నాకు తరచు గుర్తొస్తుంది. ఆయన అడిగింది డబ్బు కాదు, స్నేహం. తిరునెల్వేలి క్రైస్తవులు తమ సొంత డబ్బుతో పంపితే తమిళనాడు నుంచి దోర్నకల్ వచ్చి, తెలుగు నేర్చుకుని పల్లెలు తిరిగినవాడు; 1912లో అదే దోర్నకల్‌కు బిషపు అయ్యాడు, ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషపు. ఆయన దగ్గర శిక్షణకు వచ్చే పల్లె ఉపాధ్యాయులు భార్యాబిడ్డలతో వచ్చేవాళ్ళు, భార్యలకూ చదువు చెప్పేవాళ్ళు. ఊళ్ళో దిగేది ఒక్కడు కాదు, ఒక సంసారమని ఆయనకు తెలుసు. ఇవాళ మన శిక్షణల కరపత్రాల మీద దైవజనుల ఫోటోలు వరసగా ఉంటాయి. అమ్మగార్ల ఫోటో ఉంటే, భోజనాలు ఏర్పాటు చేసినందుకు వందనాలు అన్న చోట ఉంటుంది. ఒకప్పుడు బైబిలు స్త్రీలు తెల్ల చీరలతో ఇంటింటికీ తిరిగి, మగ బోధకులు అడుగుపెట్టలేని ఘోషా ఇళ్ళలో చదువూ వాక్యమూ చెప్పేవాళ్ళు. వాళ్ళ పేర్లు సంఘ చరిత్రల్లో వెతికితే ఫలానా పాస్టరు భార్య అని దొరుకుతాయి, అదీ అదృష్టం ఉంటే.

ఈమధ్య ఒక సేవకుల సదస్సుకు వెళ్ళాను, పొద్దున ఏదో ఒక పాఠం చెప్పమని పిలిస్తే. నా తర్వాత ఒక పెద్దాయన సేవకుని భార్యకుండవలసిన ఓర్పు అన్న అంశం మీద గంటసేపు మాట్లాడారు. బాగానే చెప్పారు, శారా నుంచి ప్రిస్కిల్ల దాకా ఎవర్నీ వదల్లేదు. ప్రశ్నలున్నాయా అని మర్యాదకు అడిగారు. వెనక వరసలోంచి ఒకావిడ లేచింది. నలభై ఏళ్ళుంటాయి, మిషను కుట్టి కుట్టి మెడ కాస్త వంగింది. "అయ్యగారూ, మీరు చెప్పిందంతా బావుంది. మా పిల్ల ఇంటరు ఫీజు ఎవర్ని అడగమంటారు?" అంది. ఎవరో కిసుక్కుమన్నారు. పెద్దాయన ప్రార్థించమన్నారు. "ప్రార్థించే అడుగుతున్నానండీ" అంది ఆవిడ, కూచోకుండా. అధ్యక్షులు గడియారం చూసుకుని భోజన విరామం ప్రకటించారు.

భోజనాల దగ్గర ఆడవాళ్ళ వరస కదలడం లేదు. ఏమిటా అని చూస్తే అక్కడ చీటీ ఒకటి పుడుతోంది. నెలకు ఐదు వందలు, ఇరవై మంది, పాట లేదు. ఎవరి ఊళ్ళో వాళ్ళు కట్టి ఫోన్‌పే చెయ్యాలి. అయ్యగార్లకు చెప్పాలా వద్దా అన్న దగ్గర కాసేపు తర్జనభర్జన నడిచింది, వద్దనే తేలింది. మొదటి నెల డబ్బు ఆ ఫీజు అడిగినావిడకే ఇచ్చేద్దామని కొందరు, అలా మొదలుపెడితే ప్రతినెలా ఎవరికో ఒకరికి ముంచుకొస్తుంది, పేర్లు రాసి తియ్యాల్సిందేనని ఇంకొందరు. ఆ ఫీజు ఆవిడే పేర్లు రాయండి అంటోంది. లోపల మైకులో సంఘాభివృద్ధి మీద మధ్యాహ్నం పాఠం మొదలైంది, అమ్మగార్లు దయచేసి లోపలికి రావాలని రెండుసార్లు పిలిచారు కూడా. వీళ్ళింకా కాగితం ముక్కలు చింపుతున్నారు.